పాత కారుకు తర్వాతి మోడల్ డోర్లు, ఫెండర్లు బిగిస్తున్నారా? కోత పెట్టే ముందు ఇవి తెలుసుకోండి

పాత కారు ఉందంటే తుప్పుతో యుద్ధం ఉన్నట్టే. ఇంజిన్ పాడైతే ఎన్నిసార్లయినా విప్పి బాగు చేయించుకోవచ్చు. రేకు అలా కాదు. లోపలి నుంచి తినేసిందంటే ఆ ముక్క మార్చక తప్పదు. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. మీ కారు తయారైన ఏడాదికి సరిపోయే ఫెండర్ ఎక్కడా దొరకదు. దొరికేది ఆ తర్వాత పదేళ్లకో, పదిహేనేళ్లకో వచ్చిన మోడల్‌ది. "అదే కంపెనీ, అదే కారు. కూర్చుంటుందిలే సార్" అంటారు షెడ్డులో.

నిజంగా కూర్చుంటుందా? కొన్ని చక్కగా కూర్చుంటాయి. కొన్ని బోల్టులు ఎక్కుతాయి కానీ సందులు కుదరవు. కొన్నింటిని బిగించాలంటే కారు ముక్కునే కోయాలి. ఒకసారి కోశాక వెనక్కి తెచ్చుకోవడం చాలా కష్టం. పైగా 50 ఏళ్లు దాటిన కార్లకు కేంద్రం ఇస్తున్న 'వింటేజ్' గుర్తింపు కూడా బాడీలో చేసే మార్పులతో ముడిపడి ఉంది. అందుకే రంపం పట్టే ముందు తెలుసుకోవాల్సిన విషయాలేంటో వివరంగా చూద్దాం.

తర్వాతి మోడల్ వైపు ఎందుకు చూస్తారు?

కారణం సింపుల్. ఒక మోడల్ ఎక్కువ కాలం నడిస్తే చివరి ఏళ్లలో తయారైన బండ్లే ఎక్కువగా మిగులుతాయి. వాటి విడిభాగాలే మార్కెట్లో తిరుగుతాయి. విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో అడిగితే 1960ల నాటి ముక్క కన్నా 1980లు, 90ల నాటి ముక్క దొరికే అవకాశమే ఎక్కువ. ధర కూడా తక్కువ. రేకు తక్కువ తుప్పు పట్టి ఉంటుంది.

కంపెనీలు కూడా ఒక మోడల్‌ను ఏళ్ల తరబడి నడిపేటప్పుడు బాడీ మొత్తాన్ని మార్చవు. రేకులు నొక్కే అచ్చులు చాలా ఖరీదైనవి. అందుకే గ్రిల్, లైట్లు, బంపర్ మార్చి కొత్త పేరు పెడతాయి. లోపలి అస్థిపంజరం మాత్రం అదే ఉంటుంది. తర్వాతి మోడల్ ప్యానెల్ పాత కారుకు సరిపోతుందన్న ఆశకు ఆధారం ఇదే. మోసం వచ్చేది కూడా ఇక్కడే. పైకి కనిపించని చిన్న మార్పులు లోపల చాలా ఉంటాయి.

బోల్టు ప్యానెల్ వేరు.. వెల్డింగ్ ప్యానెల్ వేరు

ముందుగా తెలుసుకోవాల్సిన తేడా ఇది. డోర్లు, బోనెట్, డిక్కీ మూత, చాలా కార్లలో ముందు ఫెండర్లు బోల్టులతో బిగించినవి. విప్పితే వస్తాయి, నచ్చకపోతే పాతది మళ్లీ పెట్టుకోవచ్చు. ఇక్కడ పొరపాటు జరిగినా నష్టం తక్కువే.

పైకప్పు, వెనక వైపు రేకులు, డోర్ల కింద పెట్టెలా ఉండే సిల్, ఫ్లోర్, పిల్లర్లు.. ఇవన్నీ వెల్డింగ్‌తో కలిసిపోయి ఉంటాయి. ప్రత్యేకంగా ఛాసిస్ ఫ్రేమ్ లేని కార్లలో బరువు మోసేది ఈ రేకుల గూడే. అంబాసిడర్ కూడా ఈ కోవకే చెందుతుంది. అలాంటి కారుకు సిల్ తీసేయడమంటే ఇంటి దూలం తీసేసినట్టే. ఆధారం పెట్టకుండా కోస్తే బాడీ మధ్యలో కుంగుతుంది. ఆ తర్వాత ఎంత మంచి డోర్ తెచ్చినా మూసుకోదు.

కాబట్టి మొదటి సూత్రం: బోల్టుతో పోయేదైతే తర్వాతి మోడల్ ముక్క పెట్టి చూడొచ్చు. వెల్డింగ్ అవసరమైతే మాత్రం పది సార్లు ఆలోచించాలి.

అంబాసిడర్: బాడీ ఒకటే, ముఖాలు వేరు

మన దగ్గర ఎక్కువమందికి ఎదురయ్యే కేసు ఇదే. బ్రిటన్ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివర్లో అంబాసిడర్‌ను తెచ్చింది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ప్లాంటులో 2014 మే వరకు తయారైంది. అంటే యాభై ఏళ్లకు పైగా ఒకే మౌలిక ఆకారం. ముందు, వెనక చక్రాల మధ్య దూరం 97 అంగుళాలు, అంటే దాదాపు 2,464 మి.మీ.

ఈ లెక్కన ఏ ఏడాది ముక్కైనా ఏ ఏడాది బండికైనా పడుతుందని అనుకుంటారు. మౌలికమైన గూడు వరకు అది చాలావరకు నిజం. కానీ ముందు భాగం దగ్గరకొచ్చేసరికి కథ మారుతుంది.

- మొదటి తరం అంబాసిడర్‌కు అలలు తిరిగినట్టు ఒత్తులున్న బోనెట్ ఉండేది. దాని అందమే అది.
- 1960ల మొదట్లో వచ్చిన మార్క్ 2కు చిన్న గళ్లున్న గ్రిల్ పెట్టారు. డ్యాష్‌బోర్డు కూడా మార్చారు.
- 1975లో మార్క్ 3 వచ్చింది. గ్రిల్‌కు అడ్డపట్టీలు వచ్చాయి. ఇండికేటర్లు గ్రిల్ నుంచి విడిపోయాయి.
- 1979లో మార్క్ 4 వచ్చింది. గ్రిల్ మళ్లీ మారింది, పార్కింగ్ లైట్లు చతురస్రాకారం దాల్చాయి. డీజిల్ ఇంజిన్ కూడా వచ్చింది.
- 1990లో నోవా, ఆ తర్వాత ఇసుజు ఇంజిన్‌తో 1800 ఐఎస్‌జెడ్, 2003లో గ్రాండ్, 2004లో అవీగో వరుసగా వచ్చాయి.

దీని అర్థమేంటి? మార్క్ 2 కారుకు మార్క్ 4 ముందు ప్యానెల్ పెడితే, దాంతోపాటు గ్రిల్ మార్చాలి, లైట్లు మార్చాలి, వైరింగ్ పొడిగించాలి. ఒక్క ముక్కతో మొదలైన పని ముఖం మొత్తం మారేదాకా ఆగదు. చివరికి రోడ్డు మీద కనిపించేది మార్క్ 2 కాదు. ఆర్సీలో పాత ఏడాది, కళ్లెదుట కొత్త ముఖం.

డోర్ల విషయంలో ఇబ్బంది తక్కువే. అయినా డోర్ పిడి, తాళం నాలుక తగిలే చోటు, అద్దం పైకి కిందికి ఆడే మిషన్, లోపలి ప్యాడ్ క్లిప్పుల రంధ్రాలు పాత డోర్‌తో పక్కపక్కన పెట్టి సరిచూసుకోవాలి. పాత డోర్‌ను మాత్రం అప్పుడే తుక్కుకు వేయొద్దు. లోపలి ఫిట్టింగులు మార్చుకోవడానికి అదే ఆధారం.

ఇక్కడ ఇంకో సంగతి. మార్క్ 2 ఆఖరి బండ్లకు కూడా 50 ఏళ్లు నిండే కాలం వచ్చేసింది. నిన్నటిదాకా 'పాత అంబాసిడర్'గా ఉన్నది ఇప్పుడు వింటేజ్ గుర్తింపు అడగదగ్గ బండి అవుతోంది. ముఖం మార్చే నిర్ణయం ఖరీదు అందుకే పెరిగింది.

ఫియట్: డోర్ తెరుచుకునే దిక్కే మారింది

పేరు ఒకటే అయినా ప్యానెల్ అసలు కుదరదు అనడానికి మంచి ఉదాహరణ ఫియట్ 1100. ముంబైలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1950ల నుంచి ఈ కార్లను తయారు చేసింది. 'డుక్కర్ ఫియట్' అని ముద్దుపేరున్న ఆ తొలి బండ్లలో ముందు డోర్ల హింజ్‌లు మధ్య పిల్లర్‌కు ఉండేవి. అంటే డోర్ ముందు వైపు నుంచి తెరుచుకునేది. 1964లో మన దగ్గరకు వచ్చిన 1100డీకి, ఆ తర్వాత ఎక్కువమందికి తెలిసిన ప్రీమియర్ పద్మినికి ముందు డోర్ల హింజ్‌లు ముందు పిల్లర్‌కు ఉంటాయి. మనం ఇప్పుడు అన్ని కార్లలో చూసే పద్ధతే ఇది.

పద్మిని డోర్ దొరికింది కదా అని డుక్కర్ ఫియట్‌కు పెడదామంటే హింజ్ ఒక వైపు, పిల్లర్‌లో బలం మరో వైపు ఉంటాయి. హింజ్ మోసే పిల్లర్ లోపల అదనపు రేకు ఉంటుంది. తాళం వైపు పిల్లర్‌కు అంత బలం ఉండదు. పిల్లర్లు కోసి మార్చడమంటే అది రిపేరు కాదు, మరో కారు కట్టడం. ఇలాంటి చోట పాత డోర్‌కే కింది భాగంలో కొత్త రేకు అతికించుకోవడం మేలు.

అదే 1100డీ కారుకైతే పద్మిని భాగాలు మంచి ఆధారం. గ్రిల్, లైట్లు, బంపర్ తేడాలు చూసుకుంటే చాలు.

బీటిల్: ఆగస్టు తేడాతో అంతా తారుమారు

తర్వాతి మోడల్ ప్యానెళ్ల గురించి నేర్చుకోవాలంటే ప్రపంచంలో ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌ను మించిన పాఠం లేదు. 2003 జులై 30న మెక్సికోలో ఉత్పత్తి ఆగేసరికి మొత్తం 2,15,29,464 బండ్లు తయారయ్యాయి. నాలుగు ఫెండర్లూ బోల్టులతో బిగించినవే. ఫెండర్‌కు, బాడీకి మధ్య సన్నటి బీడింగ్ ఉంటుంది. స్పానర్ ఉంటే ఇంట్లోనే మార్చుకోవచ్చు. అయినా తప్పు ముక్క కొని చేతులు కాల్చుకునే అవకాశం ఇక్కడే ఎక్కువ.

ముందుగా గుర్తుంచుకోవాల్సింది ఆగస్టు నెల. ఆ కంపెనీ కొత్త మోడల్ ఏడాది ఆగస్టులో మొదలయ్యేది. 1967 జూన్‌లో తయారైన బండి, అదే ఏడాది సెప్టెంబర్‌లో తయారైన బండి రెండూ కాగితాల్లో 1967 అనే ఉండొచ్చు. కానీ రెండోది 1968 మోడల్. అందుకే రిజిస్ట్రేషన్ ఏడాదిని కాదు, ఛాసిస్ నంబర్‌ను చూసి ముక్క కొనాలి.

ఆ ఒక్క ఆగస్టులోనే ఎన్ని మారాయో చూడండి.

- బంపర్లు పైకి జరిగాయి, దిట్టంగా మారాయి. బంపర్ చేయి బయటకొచ్చే చోటు కూడా మారింది.
- బంపర్ పైకి రావడంతో ముందు మూత, వెనక ఇంజిన్ మూత పొట్టివయ్యాయి. వాటి కింద ఉండే రేకులు ఆ మేరకు పెరిగాయి.
- యూరప్ బండ్లలో వాలుగా ఉండే హెడ్‌లైట్లు నిటారు అయ్యాయి. అమెరికా బండ్లలో ఈ మార్పు ఏడాది ముందే వచ్చింది.
- ముందు ఫెండర్లలో హారన్ కోసం ఉండే జాలీలు పోయాయి.

ఇప్పుడు 1965 బీటిల్‌కు 1970 నాటి ముందు మూత పెట్టామనుకోండి. హింజ్ దగ్గర బోల్టులు పడొచ్చు. కింద మాత్రం ఖాళీ కనిపిస్తుంది. దాన్ని పూడ్చాలంటే కింది రేకు మార్చాలి. అది వెల్డింగ్ పని. అది మార్చితే బంపర్ ఎత్తు కుదరదు. బంపర్ మార్చితే ఫెండర్ రంధ్రాలు కుదరవు. ఒక్క మూత కోసం ముందు భాగం అంతా 1968 మోడల్ అయిపోతుంది.

1970 ఆగస్టులో వచ్చిన 1302 మోడల్‌తో మరో మెలిక. ముందు సస్పెన్షన్ పూర్తిగా మారింది. స్టెప్నీ పడుకోబెట్టడానికి ముక్కు పొడుగు చేశారు. దాని మూత, ముందు ఫెండర్లు మామూలు బీటిల్‌వి కావు. 1972 ఆగస్టులో వచ్చిన 1303కి ముందు అద్దం బాగా వంపు తిరిగింది, మూత మళ్లీ మారింది. అదే సమయంలో 'ఏనుగు పాదం' అని పిలిచే పెద్ద గుండ్రటి వెనక లైట్లు వచ్చాయి, వాటి కోసం వెనక ఫెండర్లూ మారాయి. 1974 ఆగస్టు నుంచి ముందు ఇండికేటర్లు ఫెండర్ మీద నుంచి బంపర్‌లోకి వెళ్లాయి. ఆ తర్వాతి ఫెండర్ కొంటే ఇండికేటర్ రంధ్రం ఉండదు.

కరెంటు సంగతి కూడా మరవొద్దు. 1960ల బీటిల్స్‌లో చాలా వరకు 6 వోల్టుల బ్యాటరీతో నడిచేవి. తర్వాతివి 12 వోల్టులకు మారాయి. కొత్త ఫెండర్‌తో వచ్చిన హెడ్‌లైట్ బల్బును పాత వైరింగ్‌కు కలిపితే లైటు మిణుకుమిణుకుమంటుంది. బల్బు మీద రాసిన వోల్టులు చూసి పెట్టాలి.

మినీ, ఎంజీబీ ఏం చెబుతున్నాయి?

1959లో మొదలైన బ్రిటిష్ మినీకి మొదట్లో డోర్ హింజ్‌లు బయటికే కనిపించేవి, అద్దాలు పక్కకు జరిగేవి. 1969లో వచ్చిన మార్క్ 3లో హింజ్‌లు లోపలికి వెళ్లాయి, అద్దాలు కిందికి దిగే పద్ధతి వచ్చింది. డోర్ ఒక్కటే తెచ్చి పాత మినీకి బిగించడం కుదరదు. హింజ్ బిగించే రేకు కూడా మారాలి.

ఎంజీబీ స్పోర్ట్స్ కారుది తలకిందుల కథ. 1974 చివర్లో అమెరికా నిబంధనల కోసం మెరిసే క్రోమ్ బంపర్ల స్థానంలో నల్లటి రబ్బరు బంపర్లు వచ్చాయి, కారు ఎత్తు పెరిగింది. చాలామంది యజమానులు తర్వాతి కారుకు పాత ముఖం పెట్టించుకుంటారు. అక్కడా ఫెండర్లలో లైట్ల కోతలు, బంపర్ బిగించే చోట్లు తేడానే. ఆ దేశంలో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ పాత అచ్చులతోనే మినీ, ఎంజీబీ బాడీలను మళ్లీ తయారు చేస్తోంది. అలాంటి సౌకర్యం మన అంబాసిడర్‌కు, ఫియట్‌కు లేదు. అందుకే మన దగ్గర మిగిలిన ప్రతి పాత ముక్కకూ విలువ ఎక్కువ.

కొనే ముందు ఏం చూడాలి?

పాత ప్యానెల్ కొనడానికి వెళ్తే టేపు, అయస్కాంతం, మీ కారు ఫొటోలు వెంట ఉండాలి.

అయస్కాంతం ఎందుకంటే, రంగు కింద పుట్టీ మందంగా ఉన్న చోట అది అతుక్కోదు. పైకి నున్నగా కనిపించే ఫెండర్‌లో సగం పుట్టీయే ఉండొచ్చు. డోర్ అయితే కింది అంచును వేలితో తడిమి చూడండి. నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోయి ఉంటే లోపల తుప్పు ఉన్నట్టే.

రేకు మందం కూడా చూడాలి. 18 గేజ్ రేకు సుమారు 1.2 మి.మీ. మందం, 20 గేజ్ రేకు సుమారు 0.9 మి.మీ. మందం ఉంటుంది. పాత ముక్క, కొత్త ముక్క మధ్య ఈ తేడా ఉంటే వెల్డింగ్‌లో పలుచటి వైపు ముందే కాలి రంధ్రం పడుతుంది. ప్యానెల్ బరువు మారితే డిక్కీ స్ప్రింగులు కూడా సరిగ్గా పనిచేయవు. తేలికైన మూత ఎగిరి లేస్తుంది, బరువైనది నిలబడదు.

బోల్టు రంధ్రాల మధ్య దూరాలు, అంచుల మడతలు, లైటు కోతలు.. ఈ మూడూ కొలిచి రాసుకోండి. వీలైతే పాత ముక్క ఆకారాన్ని అట్ట మీద గీసుకెళ్లండి. ఆ అట్టను పెట్టి చూస్తే కొట్టు దగ్గరే తేలిపోతుంది. ఎడమ, కుడి జత ఒకే మోడల్‌వి కావాలన్నది మరిచిపోవద్దు.

షెడ్డులో పని వరుస ఇలా ఉండాలి

టింకరింగ్ పనిలో తొందర పనికిరాదు. వరుస తప్పితే ఖర్చు రెట్టింపు.

మొదట కారును సమతలమైన నేల మీద, బరువు చక్రాల మీద ఉన్నట్టే నిలపాలి. మధ్యలో జాకీ పెట్టి లేపితే బాడీ స్వల్పంగా వంగుతుంది. ఆ స్థితిలో డోర్ బిగిస్తే కిందికి దించాక పట్టేస్తుంది.

రెండోది, ఏదీ విప్పక ముందే సందులన్నీ కొలిచి ఫొటోలు తీయాలి. డోర్ ఖాళీలో మూల నుంచి మూలకు రెండు వైపులా కొలిచి రాసుకోవాలి. వెల్డింగ్ ప్యానెల్ కోయాల్సి వస్తే డోర్ ఖాళీకి అడ్డంగా ఇనుప గొట్టం తాత్కాలికంగా అతికించాలి. పని అయ్యాక మళ్లీ అవే కొలతలు రావాలి.

మూడోది, రంగు వేయక ముందే అన్నీ బిగించి చూడాలి. ఇందులోనూ ఒక వరుస ఉంది. నాలుగు డోర్ల కారుకు వెనక రేకు కదలదు. కాబట్టి ముందుగా వెనక డోర్‌ను ఆ రేకుకు సరిచేయాలి. వెనక డోర్‌ను బట్టి ముందు డోర్, ముందు డోర్‌ను బట్టి ఫెండర్, రెండు ఫెండర్లను బట్టి బోనెట్. చాలా షెడ్లలో ముందు నుంచి మొదలుపెడతారు. అప్పుడు తేడా అంతా వెనక డోర్ దగ్గర పోగవుతుంది.

సందు కుదరకపోతే మొదట హింజ్ బోల్టులు వదులు చేసి జరపాలి. తర్వాత హింజ్ కింద పలుచటి రేకు ముక్క పెట్టి చూడాలి. హింజ్ పిన్ అరిగిందేమో చూడాలి. తెరిచిన డోర్‌ను చివర పట్టుకుని పైకి లేపితే ఆడుతోందంటే పిన్ అరిగినట్టే. ఇవన్నీ అయ్యాకే రేకు వంచడం గురించి ఆలోచించాలి. పుట్టీతో సందు పూడ్చడం పరిష్కారమే కాదు. రెండు వానాకాలాలు గడిస్తే పగులు వచ్చేస్తుంది.

వెల్డింగ్, తుప్పు నివారణ

పాత ప్యానెల్‌ను కట్టర్‌తో అడ్డంగా కోసేయకుండా, కంపెనీ పెట్టిన చుక్కల వెల్డింగులను ఒక్కొక్కటిగా డ్రిల్ చేసి విడదీయాలి. అప్పుడు కింది అంచు చెక్కుచెదరదు, కొత్త ముక్క అదే చోట కూర్చుంటుంది.

వెల్డింగ్ ఒకే గీతలా లాగితే వేడికి రేకు మెలి తిరుగుతుంది. ఇక్కడో చుక్క, అక్కడో చుక్క పెడుతూ, మధ్యలో చల్లారనిస్తూ పోవాలి. గ్యాస్ వెల్డింగ్ కంటే మిగ్ వెల్డింగ్‌లో వేడి తక్కువ ప్రాంతానికే పరిమితం అవుతుంది. పలుచటి బాడీ రేకులకు అదే మేలు.

రెండు రేకులు కలిసే లోపలి ముఖాలకు ముందే జింక్ ప్రైమర్ వేయాలి. అతుకుల మీద సీలెంట్, పెట్టెల్లాంటి భాగాల లోపల మైనపు పూత తప్పనిసరి. సముద్ర తీరంలో ఉండే విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి చోట్ల ఉప్పు గాలికి ఇవి లేకపోతే కొత్త ప్యానెల్ కూడా త్వరగానే తుప్పు పడుతుంది.

భద్రత సంగతి. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగ విప్పాలి. పని జరిగే చోటికి దగ్గర్లో ఉంటే పెట్రోల్ ట్యాంకు దించాలి. సీట్లు, కార్పెట్లు తీసేయాలి. పక్కన నీళ్ల బకెట్, మంటలార్పే సిలిండర్ ఉండాలి. పాత కార్ల రంగుల్లో, కొన్ని విదేశీ కార్ల అతుకుల్లో సీసం ఉంటుంది. గ్రైండింగ్ చేసేటప్పుడు ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకుండా మాస్క్ పెట్టుకోవాలి. పిల్లలు తిరిగే చోట ఆ పని చేయొద్దు.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు, ఆర్సీలోని వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. పాడైన ఫెండర్ తీసి అలాంటిదే పెట్టడం రిపేరు. బాడీ ఆకారాన్నే మార్చేయడం మార్పు కిందికి వస్తుంది. కొత్త ప్యానెళ్లతోపాటు కారు రంగు మార్చితే అది ఆర్సీలో నమోదు కావాలి.

2021 జులైలో కేంద్ర రవాణా శాఖ వింటేజ్ వాహనాల కోసం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. ముఖ్యాంశాలు ఇవీ..

- మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన, వాణిజ్యానికి వాడని టూ వీలర్లు, ఫోర్ వీలర్లకు ఇది వర్తిస్తుంది.
- ఛాసిస్, బాడీ గూడు, ఇంజిన్‌లలో మార్పులతో కూడిన భారీ ఓవర్‌హాల్ జరిగి ఉండకూడదు.
- నంబర్ ప్లేటుపై రాష్ట్ర కోడ్ తర్వాత 'వీఏ' అక్షరాలు ఉంటాయి.
- కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ.20,000, ఆ తర్వాత మళ్లీ రిజిస్ట్రేషన్‌కు రూ.5,000 ఫీజు. గడువు 10 ఏళ్లు.
- ప్రదర్శనలు, వింటేజ్ ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, ఇంధనం, మెయింటెనెన్స్ లాంటి అవసరాలకే రోడ్డెక్కాలి. రోజువారీ తిరగడానికి కుదరదు.

రెండో అంశాన్ని మళ్లీ చదవండి. బోల్టుతో బిగించిన ఫెండర్ ఎప్పుడైనా విప్పి పాతది పెట్టొచ్చు. ముక్కు కోసి వెల్డింగ్ చేసిన బాడీని పాత రూపంలో చూపించలేం. వింటేజ్ గుర్తింపు ఆలోచన ఉన్నవాళ్లు కోతకు ముందే ఈ లెక్క వేసుకోవాలి.

ఛాసిస్ నంబర్ కొట్టిన రేకును, ప్లేటును ఎట్టి పరిస్థితుల్లోనూ కోయొద్దు, గ్రైండ్ చేయొద్దు. ఆ చోట తుప్పు ఉంటే ముందుగా ఆర్టీఏ అధికారులను సంప్రదించాలి. నంబర్ కనిపించకపోతే కారు ఎంత బాగున్నా కాగితాల్లో చిక్కే. బీమా కంపెనీకి కూడా మార్పుల సంగతి రాతపూర్వకంగా చెప్పాలి. లేకపోతే క్లెయిమ్ సమయంలో పేచీ వస్తుంది.

మార్చాలా? పాతదే బాగు చేయించాలా?

అన్నిసార్లూ 'ఒరిజినల్' అనే పట్టుదల అవసరం లేదు. రోజూ వాడుకునే 1985 అంబాసిడర్‌కు 1995 నాటి డోర్ పెట్టుకుంటే ఎవరికీ నష్టం లేదు. సిల్, ఫ్లోర్ లాంటివి తుప్పు పట్టి ప్రమాదకరంగా ఉంటే పాత రేకు మీద మమకారం కన్నా ప్రాణం ముఖ్యం. అయితే కొత్త రేకు పాత ఆకారంలోనే, పాత మందంతోనే ఉండాలి.

అరుదైన మోడల్ అయితే లెక్క వేరు. ఒత్తులున్న తొలి అంబాసిడర్ బోనెట్, డుక్కర్ ఫియట్ డోర్, వాలు హెడ్‌లైట్ల బీటిల్ ఫెండర్.. వీటిని గుర్తుపట్టేది ఆ ముక్కలతోనే. అలాంటి వాటిలో తుప్పు పట్టిన మేరకే కోసి, అదే వంపుతో కొత్త రేకు కొట్టించి అతికించడం మంచిది. చేత్తో రేకు వంచే పనివాళ్లు మన దగ్గర ఇంకా ఉన్నారు. తర్వాతి మోడల్ ముక్క కొని, దాన్ని కుదర్చడానికి పెట్టే కూలీతో పోలిస్తే ఇది ఎక్కువ ఖరీదు కాకపోవచ్చు కూడా.

పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా అనుసరించే సూత్రం కూడా ఇదే చెబుతుంది. ఎంత తక్కువ మార్చితే అంత మంచిది. మార్చిన ప్రతిదానికీ రికార్డు ఉండాలి. వీలైనంత వరకు వెనక్కి తీసుకోగలిగే మార్పులే చేయాలి.

పని మొదలుపెట్టే ముందు ఈ ఆరు ప్రశ్నలు

1. ఛాసిస్ నంబర్ ప్రకారం నా కారు ఏ నెల, ఏ ఏడాదిది?
2. కొంటున్న ముక్క బోల్టుదా, వెల్డింగ్‌దా?
3. దాంతోపాటు ఇంకా ఏమేం మార్చాల్సి వస్తుంది? లైట్లా, బంపరా, గ్రిల్లా, వైరింగా?
4. నచ్చకపోతే పాత స్థితికి తీసుకురాగలనా?
5. 50 ఏళ్ల గుర్తింపు అడిగే ఆలోచన ఉందా?
6. తీసేసిన పాత ముక్కలు, ఫొటోలు, బిల్లులు భద్రంగా ఉన్నాయా?

మూడో ప్రశ్నకు జవాబు రెండు వస్తువులు దాటితే ఆ ముక్క మీ కారుది కాదని అర్థం. నాలుగో ప్రశ్నకు 'లేదు' అనే జవాబు వస్తే మాత్రం కట్టర్ ఆన్ చేయకముందే మరో షెడ్డులో కూడా అడిగి చూడండి.

(గమనిక: వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేసేవారు ఫీజులు, పత్రాల వివరాలను తమ పరిధిలోని రవాణా శాఖ కార్యాలయంలో సరిచూసుకోవాలి.)